శత్రువుగా పది రోజులు

సైన్యంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. అసలు యుద్ధం ఒక్కటీ చూడలేదు. కాని పది రోజులు శత్రువుగా బతికాను. హోసూరులో ఎవరైనా “మిలిట్రీలో ఏం చేసినావప్పా?” అని అడిగితే మంచుకొండల గురించి, సరిహద్దు కాపలా గురించి చెబుతాను. అవి వినడానికి బాగుంటాయి. ఈ పది రోజుల సంగతి మాత్రం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మొదలుపెడితే రెండో మాటకే నవ్వుతారు. “ఉత్తుత్తి యుద్ధమా?” అంటారు. అవును, ఉత్తుత్తిదే. అందుకే రాసుకుంటున్నాను. కాగితం నవ్వదు కదా.

రిటైరవడానికి ముందు సంవత్సరం అది. మా పటాలం రాజస్థాన్ ఎడారిలో ఉంది. ఒక పెద్ద దేశపు సైన్యం మాతో కలిసి శిక్షణ చేయడానికి వచ్చింది. ఆ దేశం పేరు రాయను. ప్రపంచంలో ఏ మూల గొడవ జరిగినా ఎవరి విమానాలు ముందు ఎగురుతాయో, ఆ దేశం. శిక్షణలో వాళ్ళూ మనవాళ్ళూ ఒకే వైపు. ఎడారిలో ఒక ఊరిని ఎవరో సాయుధులు ఆక్రమించుకున్నారని అనుకోవాలి. ఇద్దరూ కలిసి ఆ ఊరిని విడిపించాలి. మరి ఆ సాయుధులు ఎవరు? ఎవరో ఒకరు ఉండాలి కదా. మా కంపెనీ నుంచి తొమ్మిదిమందిని తీశారు. అప్పటికి నేను హవల్దారును. నన్ను వాళ్ళకు పెద్దగా పెట్టారు.

మా మేజర్ మమ్మల్ని వరుసగా నిలబెట్టి హిందీలో చెప్పాడు. “ఈ పది రోజులు మీరు మనవాళ్ళు కాదు. యూనిఫాం ఉండదు. ఫోన్లు ఇక్కడ ఇచ్చి వెళ్ళండి. క్యాంపులోకి రావద్దు, క్యాంపువాళ్ళతో మాట్లాడవద్దు. మీ వంట మీదే. ఎడమ చేతికి ఎర్రగుడ్డ కట్టుకోండి. శత్రువు ఎలా ఆలోచిస్తాడో అలా ఆలోచించండి.” తర్వాత నన్ను ఒక్కణ్ణే పక్కకు పిలిచి ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. వాళ్ళు ఎలా వస్తారో, ఏం చేస్తారో, మీకు ఎలా కనిపిస్తారో రోజూ రాయమన్నాడు.

“నన్నే ఎందుకు తీసుకున్నారు సార్?” అని అడిగాను.

“నువ్వు గొర్రెలు కాసినవాడివి. మాట్లాడకుండా ఎంతసేపైనా కూర్చోగలవు” అన్నాడు.

ఆ మాట నిజమే. మాది హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాము పక్కన చిన్న ఊరు. మా నాయనకు గొర్రెలు ఉండేవి. బడి లేని రోజుల్లో డ్యాము గట్టు వెంబడి వాటిని తోలుకుని పోయేవాళ్ళం. రాగులు కోతకు వచ్చే కాలంలో అడవి నుంచి ఏనుగులు దిగేవి. కొన్నిసార్లు పట్టపగలే డ్యాము నీళ్ళలో నిలబడి ఉండేవి. ఊరి జనమంతా గట్టు మీద చేరి అరిచేవాళ్ళు, టపాకాయలు కాల్చేవాళ్ళు. మా నాయన మాత్రం అరిచేవాడు కాదు. తుమ్మచెట్టు కింద గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఒకసారి నేను రాయి విసరబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“దాంతో కొట్లాడేకి మనకి చేతవుతాదేమిరా? సుమ్నే, ఊరికే కూర్చోని చూడు. ఎంత పెద్దదైతే అంత తినాల, అంత తాగాల. దానికి కావాల్సింది యాడుంటే ఆడికే వస్తాది. అది తెలుసుకుంటే చాలు, మన చేను మనం కాపాడుకోవచ్చు.”

చెప్పినట్టే ఆయన చేను ఎప్పుడూ పూర్తిగా పోలేదు. కొంత పోయేది. కొంత మిగిలేది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మిగిలిన దానితోనే ఇల్లు గడిచింది.

మాకు ఇచ్చిన ఊరు తడకలతో, మట్టి ఇటుకలతో కట్టినది. పన్నెండు ఇళ్ళు, ఒక బావి, బావిలో నీళ్ళు లేవు. నిజమైన ఊరిలా కనిపించాలని పదిహేను మేకలను అద్దెకు తెచ్చి ఒక దొడ్డిలో పెట్టారు. వాటిని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మా తొమ్మిదిమందిలో కోలారు వైపు నుంచి వచ్చిన జవాను ఒకడుండేవాడు, నాయక్ హోదా. నాకంటే మూడేళ్ళు చిన్న. తెలుగు మాట్లాడే తోడు అతనొక్కడే. మిగతావాళ్ళు వేరే వేరే రాష్ట్రాలవాళ్ళు, మంచివాళ్ళే, కాని వాళ్ళ మాటలు వాళ్ళవి.

మొదటి రెండు రోజులు ఉత్సాహంగా గడిచాయి. గడ్డాలు గీసుకోలేదు. దుప్పట్లు కప్పుకుని తిరిగాం. దూరంగా రెండు సైన్యాల క్యాంపు కనిపించేది. అక్కడ రెండు జెండాలు పక్కపక్కన ఎగిరేవి. సాయంత్రం వాళ్ళు వాలీబాల్ ఆడేవాళ్ళు. గాలి ఇటు తిరిగితే ఈలలు, నవ్వులు వినిపించేవి. మాంసం వండిన వాసన కూడా వచ్చేది. మేము ఎర్రగుడ్డలు కట్టుకుని ఎండు రొట్టెలు నమిలేవాళ్ళం.

మూడో రోజు మా కంపెనీవాళ్ళే గస్తీకి వచ్చి మా ఊరి పక్కగా పోయారు. అందరూ తెలిసినవాళ్ళే. ఒకడితో నేను పదేళ్ళు ఒకే బ్యారక్‌లో పడుకున్నాను. వాడు నా వైపు చూసి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. మాట్లాడకూడదన్నది రూలు, నాకూ తెలుసు. అయినా మనసుకు పట్టింది.

నాయక్ నా పక్కన నిలబడి అన్నాడు. “చూసినావా అన్నా? మనోళ్ళే మనల్ని చూసి మొకం తిప్పుకుంటారు. ఈ గుడ్డ ఇప్పి పారేద్దామనిపిస్తాది నాకు.”

“రూలప్పా. వాడేం చేస్తాడు?”

“రూలే. అయినా బేజారు కదా?”

బేజారే. ఆ రోజు నుంచి నాలో ఏదో మారింది. అంతవరకు వేషం కట్టినట్టు ఉండేది. ఆ తర్వాత క్యాంపు వైపు చూసినప్పుడల్లా “వాళ్ళు”, “మనం” అనే మాటలే మనసులో తిరిగేవి. ఆ “వాళ్ళ”లో మా కంపెనీ కూడా ఉండేది.

ఆ పెద్ద సైన్యాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూడటమే నా పని. ఒక తడక సందులోంచి చూసేవాణ్ణి. మొదట్లో వాళ్ళ సామాను చూసి నోరు తెరిచాను. ఒక్కొక్కరి ఒంటి మీద మోసే వస్తువులే మా సెక్షన్ మొత్తానికి ఉండవు. కళ్ళకు పెట్టుకునేవి, చెవులకు పెట్టుకునేవి, గుండె మీద తెర ఉన్న చిన్న పెట్టె. నడిచే తీరు కూడా వేరు, భూమి తమదే అన్నట్టు నడిచేవాళ్ళు. రోజులు గడిచేకొద్దీ ఆ ఆశ్చర్యం తగ్గింది. అప్పుడు అసలు సంగతులు కనిపించడం మొదలైంది.

వాళ్ళు ఎక్కడికీ ముందుగా మనిషిని పంపరు. మొదట తుమ్మెదలాగా రొద చేసే డ్రోన్ వస్తుంది. అది చూసి పోయిన అరగంటకో ముప్పావుగంటకో మనుషులు వస్తారు. కాబట్టి రొద వినిపిస్తే మాకు గడియారం చూసుకున్నట్టే. ఇంకొకటి గమనించాను. ఏ కొత్త చోటికి వచ్చినా ముందు హెలికాప్టర్ దిగడానికి చదునైన నేల వెతికి గుర్తు పెట్టుకుంటారు. గాయపడినవాణ్ణి వెంటనే తీసుకుపోవాలి, అందుకు. అలాంటి నేల దొరకని ఇసుక దిబ్బల వైపు వాళ్ళు కాలు పెట్టలేదు. ఏ ఒక్కడూ చనిపోకూడదన్నది వాళ్ళ మొదటి లెక్క. మంచి లెక్కే. నా అధికారులు నా గురించి అంత ఆలోచిస్తే నేనూ సంతోషిస్తాను. కాని శత్రువు తడక సందులోంచి చూస్తే, వాళ్ళు ఎక్కడికి వస్తారో ఎక్కడికి రారో ఆ లెక్కే చెప్పేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. వాళ్ళ ముందు పోస్టు మా ఊరికి ఎదురుగా ఉంది. అక్కడికి రోజూ మధ్యాహ్నం ఒక ట్యాంకర్ వచ్చేది. మిగతా చోట్ల ఇసుకలో చక్రాలు దిగబడతాయి కాబట్టి అది ఒకే దారిన రావాలి. దారిలో ఒక జమ్మిచెట్టు ఉంది. ఆ ఎండలో ఎవరైనా ఆ నీడన కాసేపు ఆగాల్సిందే. వాళ్ళూ ఆగేవాళ్ళు.

నోటుపుస్తకంలో ఇవన్నీ రాశాను. ఐదో రోజు చివర ఇంకో మాట రాశాను. ఎందుకు రాశానో తెలియదు. “వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోతారు. మేము ఉంటాం. అంతవరకు ఓర్చుకోవడమే మా పని.” రాసిన తర్వాత చదువుకుంటే నాకే భయం వేసింది. అది నా మాటలా లేదు. ఎక్కడో, పేరు తెలియని దేశంలో, తడక ఇంట్లో కూర్చున్న ఎవరో రాసినట్టు ఉంది.

ఆరో రోజు మధ్యాహ్నం నేను, నాయక్ మేకలను తోలుకుని బయలుదేరాం. ఆ వేళ ఇసుక మనిషి ఒంటికన్నా ఎక్కువ కాలుతుంది. వేడిని బట్టి మనిషిని పట్టే యంత్రాలు ఆ వేళ తడబడతాయని ఎప్పుడో శిక్షణలో విన్నాను. అయినా దాక్కోవాలనుకోలేదు. మేకలతో పోయేవాడు దాక్కుంటేనే అనుమానం. ఎర్రగుడ్డ దుప్పటి కింద ఉంది. నా చేతిలో కర్ర ఉంది. మేకలు నా మాట వింటున్నాయి. చాలా ఏళ్ళ తర్వాత నేను చేయగలిగిన పని చేస్తున్నట్టు అనిపించింది.

సగం దారిలో డ్రోన్ వచ్చింది. మా నెత్తి మీద ఒక చుట్టు తిరిగింది. నాయక్ తల ఎత్తబోయాడు.

“పైకి చూడొద్దప్పా. మేకని చూడు” అన్నాను.

“గుండె కొట్టుకుంటా ఉందన్నా.”

“కొట్టుకోనీ. కాలు మాత్రం నిదానంగా ఎయ్యి.”

అది వెళ్ళిపోయింది. దానికి పదిహేను మేకలు, ఇద్దరు కాపర్లు కనిపించి ఉంటారు. ఉన్నది ఉన్నట్టే కనిపించింది పాపం.

జమ్మిచెట్టు కింద ట్యాంకర్ ఆగి ఉంది. డ్రైవరు సీట్లోనే కునుకు తీస్తున్నాడు. కాపలాకు ఇద్దరున్నారు. వాళ్ళలో పెద్దవాడు సార్జెంటు, నా వయసువాడే, కణతల దగ్గర జుట్టు నెరిసింది. అతను చెయ్యి ఊపి దూరంగా పొమ్మన్నాడు. మేము అర్థం కానట్టు నిలబడ్డాం. ఒక మేక అతని దగ్గరికి పోయి చేతిని వాసన చూసింది. అతను జేబులోంచి బిస్కెట్ తీసి దానికి పెట్టాడు. అది తినే తీరు చూస్తూ నవ్వుకున్నాడు. ఆ నవ్వు అయ్యేలోపల నేను ట్యాంకర్ వెనక చక్రానికి పసుపుగుడ్డ కట్టేశాను. శిక్షణ నియమాల ప్రకారం పసుపుగుడ్డ అంటే బాంబు. ట్యాంకర్ పేలిపోయింది, దాని చుట్టూ ఉన్నవాళ్ళు చనిపోయారు.

దుప్పటి తీసి ఎర్రగుడ్డ చూపించాను. చిన్నవాడు గట్టిగా ఏదో తిట్టాడు. సార్జెంటు తిట్టలేదు. నన్ను చూశాడు, మేకను చూశాడు, చేతిలో మిగిలిన బిస్కెట్ ముక్కను కింద పడేశాడు. శిక్షణలో గెలుపోటములు తేల్చే అంపైరు ఒకడు వాళ్ళతో పాటే ట్యాంకర్లో వచ్చాడు. మన సైన్యపు అధికారే, గడియారం చూసి రాసుకున్నాడు.

తిరిగి వచ్చే దారిలో నాయక్ ఎగిరి గంతులు వేశాడు. “నీళ్ళు లేకుండా రెండు దినాలుంటారా అన్నా? పోస్టు ఎత్తేసి పోవాల్సిందే! మనం గెలిచినాం!” నేనూ నవ్వాను. ఆ రోజు రొట్టెలు కూడా రుచిగా ఉన్నాయి.

సాయంత్రం అంపైరు జీపులో మా ఊరికి వచ్చాడు. కిందికి దిగకుండానే చెప్పాడు. “బాగా చేశారు. కాని దీన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. రీసెట్. రేపటి నుంచి ట్యాంకర్ మామూలుగా తిరుగుతుంది.”

“ఎందుకు సార్?” అన్నాను.

“తొమ్మిదో రోజు పెద్దలు వస్తున్నారు. వాళ్ళు చూడాల్సింది ఊరి మీద దాడి. పోస్టు ఎత్తేస్తే దాడి ఎవరు చేస్తారు?”

అతని మాటలో తప్పేమీ లేదు. అంత ఖర్చుపెట్టి అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు చేయాలనుకున్నది చేయకుండా ఎలా పోతారు? మరుసటి రోజు మధ్యాహ్నం చచ్చిపోయిన ట్యాంకర్ అదే దారిన వచ్చింది. జమ్మిచెట్టు దగ్గర మాత్రం ఆగలేదు.

తొమ్మిదో రోజు మేమందరం చనిపోయాం. ఎవరు ఎక్కడ చనిపోవాలో ముందురోజే సున్నంతో గుర్తులు వేసి వెళ్ళారు. నా గుర్తు ఎండిపోయిన బావి పక్కన. దాడి గొప్పగా జరిగింది. హెలికాప్టర్లు, పొగ, చెవులు చిల్లులు పడే చప్పుడు. నేను నా చోట పడిపోయాను. పెద్దలు మిట్ట మీద షామియానా కింద కూర్చుని దుర్భిణులతో చూస్తున్నారు. వాళ్ళు లేచేదాకా చచ్చినవాళ్ళు కదలకూడదు. బోర్లా పడి ఉన్నాను. ఇసుక చెంపను కాలుస్తోంది. ఒక చీమ నా మణికట్టు మీద ఎక్కి, ఎర్రగుడ్డ దాకా పోయి, వెనక్కి తిరిగింది. అటు చప్పట్లు వినిపించాయి.

ఆ పడి ఉన్న సేపట్లో నా భార్య గుర్తొచ్చింది. నిజంగా చనిపోతే ఆమెకు కబురు ఎలా చేరుతుందా అని మొదలైంది ఆలోచన. ఎవరో ఇద్దరు యూనిఫాంలో కృష్ణగిరిలో మా ఇల్లున్న వీధికి వస్తారు. ఆమె ఆ వేళకు ఫ్యాక్టరీలో ఉంటుంది. పక్కింటివాళ్ళు చెబుతారు. ఆమె సాయంత్రం షిఫ్టు ముగించుకుని వచ్చి వింటుంది. ఆ తర్వాత ఏం చేస్తుంది? ఏడుస్తుందా? ఎవరి దగ్గర కూర్చుంటుంది? ఎంత ఆలోచించినా ఆ మొహం మీద ఏ భావమూ నాకు కనిపించలేదు. ఆ సైన్యం ఎప్పుడు నీళ్ళు తాగుతుందో చెప్పగలను. పద్దెనిమిదేళ్ళ కాపురం తర్వాత నా భార్య ఏం చేస్తుందో చెప్పలేకపోయాను.

పదో రోజు పొద్దున రెండు సైన్యాల అధికారులనూ ఒక పెద్ద గుడారంలో కూర్చోబెట్టి, శత్రువు కంటికి మనం ఎలా కనిపించామో వినాలన్నారు. నన్ను లేచి చెప్పమన్నారు. నా హిందీని ఇంగ్లీషులో చెప్పడానికి మన అధికారి ఒకరు పక్కన నిలబడ్డారు. నేను దాచుకోకుండా చెప్పాను. రొద మాకు గడియారం అన్నాను. హెలికాప్టర్ దిగని చోటికి మీరు రారని మాకు తెలుసన్నాను. మీకు కావాల్సినవి ఎక్కువ, అందుకే మిమ్మల్ని కనిపెట్టడం తేలిక అన్నాను. ఆ అధికారి నా నాలుగు మాటలకు ఒక మాట చొప్పున చెప్పాడు. నాకు ఇంగ్లీషు పెద్దగా రాదు. కాని “చాలా గొప్ప టెక్నాలజీ అంటున్నాడు” అన్నది మాత్రం అర్థమైంది. అందరూ తలలు ఊపారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నోటుపుస్తకం మేజర్ తీసుకున్నాడు. దాన్ని మళ్ళీ నేను చూడలేదు.

గుడారం వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుంటుంటే, గుడారం చివర నిలబడి విన్న ట్యాంకర్ కాపలా సార్జెంటు వచ్చాడు. నాకు వచ్చిన ముక్కల ఇంగ్లీషులో, చేతులతో మాట్లాడుకున్నాం. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది.

“మీ అధికారి ఇంగ్లీషులో చెప్పింది, నువ్వు చెప్పింది ఒకటి కాదు కదా?” అన్నాడు.

“కాదు.”

“నేను నిజం యుద్ధానికి రెండుసార్లు పోయాను. అక్కడ కూడా మేకలు తోలుకుని మా ముందు నుంచి పోయేవాళ్ళు. రోజూ చూసేవాణ్ణి. వాళ్ళు నన్ను ఎలా చూశారో ఎవర్నీ అడగలేకపోయాను. నువ్వు చెప్పు. మేమంటే కోపం వచ్చిందా?”

నేను మొహం తుడుచుకునేదాకా అతను ఆగాడు. “కోపం కాదు” అన్నాను. “మీరు ఎప్పుడు పోతారా అని చూస్తూ ఉన్నాం. అంతే.”

అతను ఇసుక వైపు చూశాడు. అవునన్నట్టు తల ఊపాడు. చెయ్యి చాచాడు, పట్టుకున్నాను. తడి చెయ్యి. అతను ఇంకేదో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఆ పది రోజుల్లో నన్ను ఒక ప్రశ్న నిజంగా అడిగి, జవాబు కోసం ఆగినవాడు అతనొక్కడే. అతని పేరు కూడా నాకు తెలియదు.

మధ్యాహ్నం ఫోను తిరిగి ఇచ్చారు. ఆన్ చేయగానే నా భార్య మూడుసార్లు ఫోన్ చేసిందని మెసేజ్‌లు వచ్చాయి. మూడూ నాలుగో రోజువే. ఆ తర్వాత ఏమీ లేవు. వెంటనే చేశాను.

“ఏమైందే?” అన్నాను.

“ఏమీ లేదు. మామిడిపండు కోసేటప్పుడు కత్తి జారింది. అరచేతిలో కుట్లు పడినాయి.” ఆమె కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పని చేస్తుంది.

“ఆస్పత్రికి ఎవరు తోడు వచ్చినారు?”

“ఎవరొస్తారు? నేనే ఆటో ఎక్కి పోయినాను. నీకు చేసినాను, స్విచ్ ఆఫ్. మళ్ళా చేసి ఏం లాభమని వదిలేసినాను. ఇప్పుడు మానిపోయింది. నువ్వు తిన్నావా?”

తిన్నానన్నాను. ఆమె సరే అని పెట్టేసింది. ఆ నాలుగో రోజు నేను తడక సందులోంచి ఎవరు ఎన్ని సీసాల నీళ్ళు తాగుతున్నారో రాసుకుంటున్నాను.

మరుసటి ఏడాది రిటైరై కృష్ణగిరి వచ్చాను. మాకు పిల్లలు లేరు. రెండు గదుల ఇల్లు, ఆమె సంపాదనతో, నేను పంపిన దానితో కట్టుకున్నది. ఇక ఇద్దరం కలిసి ఉంటామని సంతోషంగా వచ్చాను. వచ్చిన వారంలో బీరువా గోడ మారింది. మంచం కిటికీ పక్కకు వచ్చింది. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరుసలో నిలబడ్డాయి. పొద్దున ఐదున్నరకు లేవాలని, రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పాలని చెప్పాను. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఒప్పుకోలు అనుకున్నాను.

రెండో నెలలో ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చుంది. నేను అటక సర్దుతున్నాను. నెమ్మదిగానే మొదలుపెట్టింది.

“ఒక మాట చెప్తాను, కోపం చేసుకోవద్దు. ఇన్నేండ్లూ నువ్వు రెండు నెల్ల లీవులో వస్తా ఉంటివి. వచ్చిన నాడే అన్నీ మారుస్తా ఉంటివి. నేనేమన్నా అంటినా? అనలేదు. ఎట్లాగూ పోతావు కదా అని ఓర్చుకుంటా ఉంటిని. నువ్వు బస్సెక్కిన సాయంత్రమే మళ్ళా ఏది యాడుండాల్నో ఆడ పెట్టుకుంటా ఉంటిని.” కొంగుతో కాళ్ళు తుడుచుకుంది. “ఇప్పుడు నువ్వు పోయేది లేదంటావే. నేనేం చేసేది?”

అటక మీద నుంచి దిగలేకపోయాను. నేను నోటుపుస్తకంలో రాసిన మాటే అది. ఆమె దాన్ని చూడలేదు, ఆ పది రోజుల సంగతి ఆమెకు చెప్పనూ లేదు. ఇన్నేళ్ళూ నా ఇంట్లో నేను పెద్ద సైన్యాన్నని, తడక సందులోంచి చూస్తూ కూర్చున్నది ఆమె అని అప్పుడు తెలిసింది.

“కోపముందా నామీద?” అని అడిగాను.

“కోపం యాడిది? అలవాటైపోయింది, అంతే” అంది.

ఆ జవాబు విన్నాక ఆ ఇంట్లో ఏ వస్తువును ముట్టుకోవాలన్నా చెయ్యి ఆగిపోయేది. నెల తిరగకముందే హోసూరులో సెక్యూరిటీ పని చూసుకున్నాను. ఆమె వద్దనలేదు, పొమ్మనలేదు. నేను బస్సెక్కిన సాయంత్రం బీరువా పాత గోడకే పోయి ఉంటుంది. అడగలేదు.

ఇప్పుడు మూకండపల్లిలో ఒక గదిలో ఉంటున్నాను. మూడిళ్ళ అవతల ఫ్యాక్టరీ గేటు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా డ్యూటీ. జూజువాడి వైపు నుంచి వచ్చే లారీల నంబర్లు రాసుకుంటాను, సంచులు తెరిచి చూస్తాను, సెల్యూట్ కొడతాను. గదిలో ఒక చాప, ఒక స్టవ్వు, గోడకు ఒక మేకు. ఏ వస్తువు ఎక్కడ పెట్టినా అడిగేవాళ్ళు లేరు. ఎవరూ లేని చోట క్రమశిక్షణ ఎందుకో ఇంకా తెలియలేదు. అయినా దుప్పటి మూలలు సరిచేస్తూనే ఉంటాను.

ఈమధ్య ఎక్కడో మళ్ళీ యుద్ధం వచ్చింది. గేటు దగ్గర టీ తాగేటప్పుడు తోటి గార్డులు ఫోన్లో చూపిస్తారు. ఆకాశం నుంచి తీసిన బొమ్మలు, బూడిద రంగు ఇళ్ళు, వాటి మధ్య చిన్న చుక్కల్లా మనుషులు.

“నువ్వు మిలిట్రీవాడివి కదప్పా, ఎవరు గెలుస్తారు చెప్పు?” అని అడుగుతారు.

నేను ఆ చుక్కల వైపే చూస్తాను. అవి పైకి చూడకుండా నడుస్తున్నాయా అని చూస్తాను. “యాడ తెలుస్తాదప్పా మనకి” అంటాను. వాళ్ళు వేరే వీడియో పెట్టుకుంటారు. నాకు తెలిసింది చెప్పడానికి హిందీ చాలలేదు, ఇంగ్లీషు చాలలేదు. ఇంటి భాషలో చెప్పాల్సిన మనిషి కృష్ణగిరిలో ఉంది. ఆమెకు నేను చెప్పకముందే అంతా తెలుసు.

కోలారు నాయక్ ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. పండగలకు ఫోన్ చేస్తాడు. “అన్నా, మేకలు గుర్తున్నాయా?” అని నవ్వుతాడు. అతనికి ఆ పది రోజుల్లో ట్యాంకరే గుర్తు. పోనీలే, సంతోషించేవాడు ఒకడైనా ఉన్నాడు.

రెండు వారాలకు ఒక ఆదివారం కృష్ణగిరి పోతాను. పోయే ముందు ఫోన్ చేసి “రానా?” అని అడుగుతాను. మొదటిసారి అలా అడిగినప్పుడు “రా, దానికేం” అంది. ఎప్పుడూ “రా” అనే అంటుంది. భోజనం చేస్తాం. చేతి కుట్ల మచ్చ చూపించమంటే మొదట్లో దాచుకునేది, ఈమధ్య చూపిస్తోంది. రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. ఆ సంగతి నాకు తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది.

పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె తాళంచెవి తెచ్చి ఇచ్చింది. “సీజన్ కదన్నా, ఓవర్‌టైముకి పిలిచినారంట. నీకు సంగటి చేసి పెట్టి పోయింది, తినమని చెప్పమనింది” అంది. లోపలికి పోయాను. ఇల్లంతా చీకటిగా, చల్లగా, మామిడి వాసనతో ఉంది. గిన్నె మూత తీసి నేల మీద కూర్చుని తిన్నాను. సంగటి ఇంకా కొంచెం వెచ్చగా ఉంది. తిన్న తర్వాత కంచం కడిగాను. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలమరలో, గట్టు మీద, కిటికీలో ఒక్కొక్క చోటే చూశాను. చివరికి తడి కంచాన్ని గట్టు మీదే బోర్లించి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి హోసూరు బస్సెక్కాను.